గురుత్వం ఉన్నచోట కాంతి నెమ్మదిస్తుందా?

పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ప్రశ్న: శూన్యంలో కాంతివేగం ఎక్కడైనా ఒక్కటేనని, అది మారదని బడిలో చదువుకున్నాం. సూర్యుడి పక్కనుంచి వెళ్లిన రాడార్ సంకేతం ఆలస్యంగా తిరిగొస్తుందని, గురుత్వం వల్ల అక్కడ కాంతి నెమ్మదిస్తుందని ఈమధ్య చదివాను. ఈ రెండిట్లో ఏది నమ్మాలి?

జవాబు: రెండూ నమ్మొచ్చు. అవి రెండు వేర్వేరు కొలతలు. వేగం అంటే దూరాన్ని కాలంతో భాగించడం. కాబట్టి దూరం ఎవరి కొలబద్దతో కొలిచారు, కాలం ఎవరి గడియారంలో చూశారు అని ముందుగా అడగాలి. గురుత్వం లేనిచోట ఈ ప్రశ్న అడగకపోయినా పని జరిగిపోతుంది. గురుత్వం ఉన్నచోట జరగదు. అక్కడ వేర్వేరు ఎత్తుల్లో పెట్టిన గడియారాలు ఒకే వేగంతో నడవవు.

కాంతి వెళుతున్నచోటే గడియారం, కొలబద్ద పెట్టుకుని చిన్న దూరం మీద కొలిస్తే సెకనుకు 29,97,92,458 మీటర్లే వస్తుంది. భూమి మీదైనా, సూర్యుడి అంచునైనా, బ్లాక్‌హోల్ పక్కనైనా అంతే. మీరు బడిలో చదివింది ఈ కొలత గురించి.

ఇప్పుడు మీరు సూర్యుడికి చాలా దూరంలో ఉన్నారనుకోండి. మీ గడియారం చూసుకుంటూ, మీరు గీసుకున్న పటం మీద కాంతి ఏ క్షణాన ఎక్కడుందో గుర్తుపెడుతూ పోతే, ఆ పటం మీది వేగం మారుతుంది. ఎంత మారుతుందో లెక్కకట్టడం తేలికే. గురుత్వ స్థిరాంకాన్ని సూర్యుడి ద్రవ్యరాశితో గుణించి రెట్టింపు చేయండి. దాన్ని సూర్యకేంద్రం నుంచి ఉన్న దూరంతోనూ, కాంతివేగం వర్గంతోనూ భాగించండి. సూర్యుడి ఉపరితలం దగ్గర 0.00000424 వస్తుంది. నిలువుగా పైకో కిందికో వెళ్లే కాంతి వేగం ఆ మేరకు, అంటే సెకనుకు 1.27 కి.మీ. తక్కువగా కనిపిస్తుంది. భూమి ఉపరితలానికి ఇదే లెక్క కడితే సెకనుకు 42 సెంటీమీటర్ల తేడా వస్తుంది. అంత పెద్ద వేగంలో అంత చిన్న తేడా!

ఈ రెండో వేగం పటాన్ని బట్టి మారే సంఖ్య. కానీ సంకేతం పోయి రావడానికి పట్టే మొత్తం సమయం పటాన్ని బట్టి మారేది కాదు. పంపిన గడియారం, అందుకున్న గడియారం ఒక్కటే, అవి చూపించే మైక్రోసెకన్లూ నిజమైనవే. కాబట్టి "కాంతి నిజంగా నెమ్మదించిందా, లేక అలా అనిపించిందా" అని వాదించుకునే కన్నా ఏ గడియారం ఏం చూపిస్తుందో చెప్పుకోవడం మేలు. కింది జవాబులన్నిట్లో చేసేది అదే.

ప్రశ్న: కాంతివేగం గురుత్వంతో మారుతుందని ఐన్‌స్టీనే రాశాడట, నిజమేనా?

జవాబు: నిజమే. 1911లో రాసిన వ్యాసంలో గురుత్వ పొటెన్షియల్‌ని (ఒకచోట గురుత్వం వల్ల ప్రతి కిలో ద్రవ్యరాశికి ఉండే స్థితిశక్తిని) బట్టి కాంతివేగం మారుతుందని సూత్రం ఇచ్చాడు. దాన్ని ఉపయోగించి, సూర్యుడి అంచుని తాకుతూ వచ్చే నక్షత్రకాంతి 0.83 ఆర్క్ సెకన్లు (ఆర్క్ సెకను అంటే డిగ్రీలో 3600వ వంతు) వంగుతుందని లెక్కకట్టాడు. అది సరైన విలువలో దాదాపు సగం. ఆ సూత్రంలో కాలం మీద గురుత్వ ప్రభావం ఉంది కానీ, స్థలం వంపు లేదు. 1915 చివర్లో పూర్తి సిద్ధాంతం (సాధారణ సాపేక్ష సిద్ధాంతం) తయారయ్యాక రెండూ కలిసి 1.7 ఆర్క్ సెకన్లు వచ్చింది. 1919 మే 29 సూర్యగ్రహణంలో ప్రిన్సిపే ద్వీపం నుంచి, బ్రెజిల్‌లోని సోబ్రాల్ నుంచి తీసిన ఫొటోలు ఈ రెండో విలువ వైపే మొగ్గాయి. 1911 సూత్రం ఒక్కటే పట్టుకుని లెక్కలు వేసేవాళ్లు ఇప్పటికీ కనిపిస్తారు. వాళ్ల జవాబు సగానికి సగం తగ్గడానికి కారణం ఇదే.

ప్రశ్న: పైనుంచి వదిలిన రాయి పడుతున్నకొద్దీ వేగం పుంజుకుంటుంది కదా. కిందికి వచ్చే కాంతి కూడా వేగం పెంచుకోవాలి కదా?

జవాబు: పెంచుకోదు. కాంతికి దక్కే శక్తి పౌనఃపున్యం రూపంలో కనబడుతుంది. కిందున్నవాళ్లకు అది కాస్త నీలం వైపు జరిగినట్టు తెలుస్తుంది. వాళ్ల దగ్గర కొలిస్తే వేగం మాత్రం ఎప్పటిదే. దూరపు గడియారంతో చూస్తే, రాయికి పూర్తిగా విరుద్ధంగా, కిందికి వస్తున్న కాంతి నెమ్మదిస్తూ వస్తుంది.

దీన్ని నేలమీద మొదట కచ్చితంగా కొలిచినవాళ్లు పౌండ్, రెబ్కా. 1960లో హార్వర్డ్ విశ్వవిద్యాలయంలోని జెఫర్సన్ భవనపు టవర్లో, 22.5 మీటర్ల ఎత్తు మీద ఈ ప్రయోగం చేశారు. ఐరన్-57 కేంద్రకాల నుంచి వచ్చే 14.4 కిలో ఎలక్ట్రాన్ వోల్టుల గామా కిరణాలు వాడారు. పౌనఃపున్యంలో రావలసిన మార్పు 2.5×10⁻¹⁵ వంతు. అంటే కిరణాలు పంపే మూలాన్ని సెకనుకు ఒక మైక్రోమీటరు కన్నా తక్కువ వేగంతో కదిపితే, ఆ కదలిక వల్ల పౌనఃపున్యంలో వచ్చే డాప్లర్ మార్పుకి సమానం. ఇక్కడ అసలు చిక్కు ఉష్ణోగ్రత. కిరణాలు పంపే ఇనుముకీ, పీల్చుకునే ఇనుముకీ మధ్య ఒక్క డిగ్రీ సెల్సియస్ తేడా ఉంటే, పరమాణువుల కంపనం వల్ల 2.2×10⁻¹⁵ మార్పు వస్తుంది. వెతుకుతున్న మార్పంత తప్పు అక్కడే వచ్చిపడుతుందన్నమాట. అందుకని రెండు చివర్లా ఉష్ణోగ్రతలు కొలిచి సవరించారు. మూలాన్ని ఒకసారి పైన, ఒకసారి కింద పెట్టి రెండు ఫలితాల తేడా తీసుకున్నారు. దిశ మారితే గురుత్వం వల్ల వచ్చే మార్పు గుర్తు మారుతుంది. పరికరానికి ఉన్న సొంత తేడాలు మారవు కాబట్టి తీసివేతలో పోతాయి.

ప్రశ్న: ఒక కిలోమీటరు ఎత్తున నిలువు గొట్టం కట్టి, కింది నుంచి పైనున్న అద్దానికి లేజర్ కొట్టి, వచ్చే సమయం కొలిస్తే కాంతివేగం తేడా తెలిసిపోదా?

జవాబు: సూత్రరీత్యా తెలుస్తుంది. ఆచరణలో ఎందుకు కుదరదో అంకెల్లో చూద్దాం.

పోయి రావడానికి 2 కి.మీ., పట్టే సమయం 6.67 మైక్రోసెకన్లు. పైనున్న గడియారం కింది గడియారం కన్నా 1.09×10⁻¹³ వంతు వేగంగా నడుస్తుంది (భూమి గురుత్వ త్వరణాన్ని ఎత్తుతో గుణించి, కాంతివేగం వర్గంతో భాగిస్తే వచ్చేది). కాంతి ఆ ఎత్తంతా దాటి వస్తుంది కాబట్టి సగటున అందులో సగం, 5.45×10⁻¹⁴ వంతు తేడా కనబడాలి. కింది గడియారంతో చూస్తే సంకేతం మామూలు లెక్కకన్నా 3.6×10⁻¹⁹ సెకన్ల ముందే వచ్చేస్తుంది. అంటే సగటు వేగం ప్రామాణిక విలువకన్నా కొంచెం ఎక్కువ! ఇదే ప్రయోగం పైనుంచి, పై గడియారంతో చేస్తే అంతే ఆలస్యం కనిపిస్తుంది. అక్కడ సగటు వేగం కొంచెం తక్కువ. ఒకే గొట్టం, ఒకే కాంతి, రెండు గడియారాలు, రెండు జవాబులు. గొట్టాన్ని పొట్టిగా చేసుకుంటూ పోతే రెండు జవాబులూ ఆ 29,97,92,458 దగ్గరికే చేరతాయి. దగ్గరి కొలత, దూరపు కొలత అని మొదట చెప్పింది ఇక్కడ చేతికందినట్టు కనబడుతుంది.

ఇక కుదరని సంగతి. ఆ 3.6×10⁻¹⁹ సెకన్లలో కాంతి నడిచే దూరం 0.11 నానోమీటర్లు, సుమారు ఒక పరమాణువు వెడల్పు. కాబట్టి 2 కి.మీ. దారి పొడవు మీకు పరమాణువు వెడల్పు మేరకు కచ్చితంగా తెలిసి ఉండాలి. ఉక్కు గొట్టమైతే ఒక్క డిగ్రీకి కిలోమీటరుకు 12 మిల్లీమీటర్లు సాగుతుంది. ఆ లెక్కన డిగ్రీలో 20 కోట్లవ వంతు ఉష్ణోగ్రత మారినా ఫలితం మునిగిపోతుంది. గొట్టంలో మిగిలిన గాలి మరో సమస్య. మామూలు పీడనంలో గాలి కాంతిని 0.00027 వంతు నెమ్మదింపజేస్తుంది. దాన్ని మనకు కావలసిన ప్రభావం స్థాయికి దించాలన్నా పీడనం వాతావరణంలో 500 కోట్లవ వంతుకు తగ్గాలి. ప్రభావాన్ని సరిగ్గా కొలవాలంటే ఇంకా తగ్గాలి. గొట్టం తన బరువుకి తానే కుంగడం, నేల అదరడం వీటికి అదనం.

గడియారాలనే నేరుగా పోల్చడం దీనికన్నా ఎన్నో రెట్లు నయం. అక్కడ తేడా కాలంతో పాటు పోగవుతుంది, పొడవు కచ్చితంగా తెలియాల్సిన పనీ ఉండదు. జపాన్ శాస్త్రజ్ఞులు టోక్యో స్కైట్రీ టవర్లో, కింద ఒకటి, 450 మీటర్ల ఎత్తున ఒకటి స్ట్రాన్షియం ఆప్టికల్ గడియారాలు (కాంతి కంపనాలతో కాలం లెక్కించే పరమాణు గడియారాలు) పెట్టి 2020లో ప్రచురించిన ఫలితం లక్షలో 9 వంతుల కచ్చితత్వంతో సిద్ధాంతానికి సరిపోయింది. 2022లో అమెరికాలో ఒక మిల్లీమీటరు ఎత్తులోనే ఈ తేడాని గుర్తించారు.

ప్రశ్న: సూర్యుడి పక్కనుంచి వచ్చే సంకేతం ఆలస్యమవడానికి దారి వంకర తిరగడమే కారణం కావచ్చు కదా? అంకెలతో చెప్పగలరా?

జవాబు: వంకర దారి వాటా దాదాపు సున్నా. భూమికీ అంగారకుడికీ మధ్య సూర్యుడు వచ్చిన రోజుల్లో, కిరణం సూర్యుడి అంచుని రాసుకుంటూ వెళ్లిందనుకుందాం. కాంతి 1.75 ఆర్క్ సెకన్లు వంగడం వల్ల ఒకవైపు దారి పెరిగేది సుమారు 3 మీటర్లు. గమనించే ఆలస్యం మాత్రం పోనూ రానూ కలిపి సుమారు 247 మైక్రోసెకన్లు, అంటే ఒకవైపు 37 కి.మీ.కి సమానం.

మీరే లెక్కకట్టొచ్చు. సూర్యుడి ద్రవ్యరాశిని కాలంలోకి మార్చుకుంటే (గురుత్వ స్థిరాంకంతో గుణించి, కాంతివేగం ఘనంతో భాగిస్తే) 4.925 మైక్రోసెకన్లు. పోనూ రానూ కాబట్టి దాన్ని 4తో గుణిస్తే 19.7. సూర్యుడి నుంచి భూమి దూరాన్ని (14.96 కోట్ల కి.మీ.) అంగారకుడి దూరంతో (22.79 కోట్ల కి.మీ.), తర్వాత 4తో గుణించండి. కిరణం సూర్యకేంద్రానికి అత్యంత దగ్గరగా వచ్చిన దూరం (6,96,000 కి.మీ.) వర్గంతో భాగించండి. వచ్చిన సంఖ్య సహజ సంవర్గమానం 12.55. దాన్ని 19.7తో గుణిస్తే 247 వస్తుంది. బుధగ్రహానికి ఇలాగే చేస్తే సుమారు 220.

ఈ ఆలస్యంలో సగం సూర్యుడి దగ్గర కాలం నెమ్మదించడం వల్ల, సగం అక్కడి స్థలం వంపు వల్ల. 1911 నాటి సగం తప్పు ఇక్కడ కూడా చేయొచ్చు. 123 వచ్చిందంటే స్థలం వంపు మరిచారని అర్థం.

ఈ పరీక్షను 1964లో సూచించింది అమెరికా శాస్త్రజ్ఞుడు ఇర్విన్ షపీరో. ఆ తర్వాత శుక్ర, బుధ గ్రహాల మీదికి రాడార్ కొట్టి కొలిచారు. గ్రహం మీది కొండలూ లోయలూ దూరాన్ని తారుమారు చేస్తాయి. ఒకటిన్నర కిలోమీటర్ల ఎత్తు తేడా పోనూ రానూ 10 మైక్రోసెకన్లు తినేస్తుంది. 1976లో అంగారకుణ్ని చేరిన వైకింగ్ నౌకలు సంకేతాన్ని అందుకుని తిరిగి పంపగలిగేవి కాబట్టి ఆ బెడద తప్పింది, కచ్చితత్వం వెయ్యిలో ఒక వంతుకి చేరింది.

రెండో బెడద సూర్యుడి కరోనా, అంటే సూర్యుడి చుట్టూ ఉండే వేడి వాయుపొర. అందులోని ఎలక్ట్రాన్లు రేడియో తరంగాలను ఆలస్యం చేస్తాయి. ఈ ఆలస్యం పౌనఃపున్యం వర్గానికి విలోమంగా ఉంటుంది. 8 గిగాహెర్ట్జ్ దగ్గర ఉన్నది 32 గిగాహెర్ట్జ్ దగ్గర 16 వంతుల్లో ఒక వంతుకి తగ్గుతుంది. గురుత్వం వల్ల వచ్చేది ఏ పౌనఃపున్యానికైనా ఒక్కటే. కాబట్టి రెండు పౌనఃపున్యాలు ఒకేసారి వాడితే కరోనా వాటాను విడదీసి తీసేయొచ్చు. 2002లో కస్సీని నౌక శనిగ్రహానికి వెళుతుండగా ఇలాగే చేశారు. ఆలస్యాన్ని కాక, ఆలస్యం మారుతున్నప్పుడు పౌనఃపున్యంలో వచ్చే చిన్న జరుగుబాటుని కొలిచారు. 2003లో వెలువడిన ఫలితం సిద్ధాంతంతో లక్షలో 2 వంతుల మేరకు ఏకీభవించింది.

ఒక జాగ్రత్త చెప్పాలి. సూర్యుణ్ని తీసేసి ఆలస్యం లేకుండా ఒకసారి కొలిచి చూడటం ఎవరివల్లా కాదు. 247 అన్నది ఒక పటంలోని సంఖ్య. వేరే నిరూపకాలు (పటం గీసే కొలతల పద్ధతి) ఎంచుకుంటే అది కొన్ని పదుల మైక్రోసెకన్లు అటూ ఇటూ అవుతుంది. నిజంగా కొలిచేది, కిరణం రోజురోజుకీ సూర్యుడికి దగ్గరవుతూ దూరమవుతూ ఉండగా ఆలస్యం పెరిగి తగ్గే తీరు. ఆ తీరు ఏ పటంలోనైనా ఒక్కటే.

ప్రశ్న: అయితే గురుత్వాన్ని గాజులాంటి పదార్థంగా, వక్రీభవన గుణకంతో లెక్కించొచ్చా?

జవాబు: లెక్క కోసం భేషుగ్గా పనికొస్తుంది. గుణకం 1కి పైన చెప్పిన భాగం (సూర్యుడి అంచున 0.00000424) కలిపితే వంపూ ఆలస్యమూ రెండూ సరిగ్గా వస్తాయి. కానీ గాజు రంగుల్ని విడగొడుతుంది, గురుత్వం విడగొట్టదు. రేడియో తరంగం, కంటికి కనిపించే కాంతి, గామా కిరణం మూడూ ఒకేలా ఆలస్యమవుతాయి. కాంతి మాత్రమే కాదు, గురుత్వ తరంగాలకూ అదే వర్తిస్తుంది. 2017 ఆగస్టు 17న రెండు న్యూట్రాన్ నక్షత్రాలు ఢీకొన్నప్పటి గురుత్వ తరంగాలు, సుమారు 13 కోట్ల కాంతి సంవత్సరాలు ప్రయాణించి వచ్చాక, గామా కిరణాల కన్నా 1.7 సెకన్ల ముందు మాత్రమే అందాయి. అవి రెండూ దారిలో గెలాక్సీల గురుత్వంలోంచే వచ్చాయి. ఏ గాజూ ఇలా ప్రవర్తించదు.

ప్రశ్న: 1983 నుంచి మీటరునే కాంతివేగంతో నిర్వచించారు. అలాంటప్పుడు కాంతివేగం మారదనడం మనం పెట్టుకున్న నియమమే తప్ప ప్రకృతి సత్యం ఎలా అవుతుంది?

జవాబు: చాలా మంచి ప్రశ్న. 29,97,92,458 అన్న అంకె నియమమే. 1972లో, అప్పటి మీటరుతో అమెరికాలోని బౌల్డర్‌లో కొలిస్తే 29,97,92,456.2 వచ్చింది, 1.1 అటూ ఇటూగా. దానికి దగ్గర్లో ఒక పూర్ణాంకాన్ని ఖాయం చేశారు.

కానీ నియమం కిందికి రాని ప్రశ్న ఒకటి మిగిలి ఉంది. ఒక ఘనపదార్థపు కడ్డీ పొడవుని దాటడానికి కాంతికి పట్టే సమయం, పరమాణువు కంపనాల లెక్కలో, ఎక్కడైనా ఒక్కటేనా? ఇందులో మీటరు ప్రసక్తే లేదు. కొలిచే పద్ధతి ఇది: రెండు అద్దాలను గట్టి గాజు దిమ్మెకు రెండు చివర్లా అమర్చి, వాటి మధ్య దూరంలో అలలు సరిగ్గా ఇమిడే లేజర్ పౌనఃపున్యాన్ని పరమాణు గడియారంతో పోలుస్తారు. భూమి జనవరి మొదట్లో సూర్యుడికి 14.71 కోట్ల కి.మీ. దూరంలో, జూలై మొదట్లో 15.21 కోట్ల కి.మీ. దూరంలో ఉంటుంది. దాంతో మన ప్రయోగశాలలన్నీ ఏటా సూర్యుడి గురుత్వ పొటెన్షియల్‌లో, కాంతివేగం వర్గంతో భాగించి చూస్తే 3.3×10⁻¹⁰ మేర, కిందికీ పైకీ వెళ్లొస్తాయి. గురుత్వం కాంతినీ, పరమాణువునీ, కడ్డీనీ వేర్వేరుగా ప్రభావితం చేసేదైతే ఈ నిష్పత్తి ఏడాదికోసారి ఊగాలి. రకరకాల గడియారాలను ఏళ్ల తరబడి పోల్చి చూసినా ఆ ఊపు కనిపించలేదు. కాంతివేగం మారదనడానికి ఉన్న ప్రయోగపు అర్థం ఇది.

ప్రశ్న: బ్లాక్‌హోల్ అంచున కాంతి ఆగిపోతుందంటారు. నిజంగా ఆగుతుందా?

జవాబు: దూరపు గడియారంతో గీసిన పటంలో ఆగిపోతుంది. అంచు వ్యాసార్ధానికి రెట్టింపు దూరంలో, ఎక్కువగా వాడే ష్వార్జ్‌షీల్డ్ నిరూపకాల్లో, లోపలికో బయటికో నేరుగా వెళ్లే కాంతి వేగం మామూలులో సగం. అడ్డంగా వెళ్లే కాంతికి 0.707 వంతు. ఒకేచోట దిశను బట్టి రెండు వేగాలు! ఐసోట్రోపిక్ నిరూపకాల్లోకి మారితే అన్ని దిశల్లోనూ వేగం ఒక్కటే అవుతుంది. భూగోళాన్ని కాగితం మీద పరిచినప్పుడు ధ్రువాల దగ్గరి దేశాలు ఒక పటంలో ఉబ్బి, మరో పటంలో మామూలుగా కనబడటం లాంటిదే ఇది. అంచులోకి స్వేచ్ఛగా పడిపోతున్న మనిషి, తన పక్కనుంచి బయటి వైపు దూసుకెళ్లే కాంతిని కొలిస్తే ఎప్పటి వేగమే వస్తుంది. ఆ కాంతి అంచు దగ్గరే నిలిచి ఉంటుంది, ఆ మనిషి దాని పక్కనుంచి కాంతివేగంతో లోపలికి పోతుంటాడు.

ప్రశ్న: జీపీఎస్‌లో ఈ ప్రభావాన్ని లెక్కలోకి తీసుకుంటారా?

జవాబు: గడియారాల తేడాని తప్పకుండా తీసుకుంటారు. సుమారు 20,200 కి.మీ. ఎత్తులో గురుత్వం తక్కువ కాబట్టి ఉపగ్రహ గడియారం రోజుకి 45.7 మైక్రోసెకన్లు ముందుకెళుతుంది. దాని వేగం వల్ల 7.2 వెనకబడుతుంది. మిగిలే 38.5ని సవరించడానికి 10.23 మెగాహెర్ట్జ్ గడియారాన్ని ప్రయోగానికి ముందే 10.22999999543కి దించి పెడతారు. సవరించకపోతే రోజుకి 11 కి.మీ.కి పైగా దూరపు తప్పు పోగవుతుంది. భూమి గురుత్వం వల్ల సంకేతానికి దారిలో అయ్యే ఆలస్యం 2 సెంటీమీటర్లకు మించదు. ఫోనులో దారి చూసుకునే వాళ్లకు అది లెక్కలోకి రాదు. భూఫలకాల కదలికల్ని మిల్లీమీటర్లలో కొలిచేవాళ్లు మాత్రం ఆ సవరణ వదిలేస్తే ఎత్తు విలువల్లో తప్పు దొర్లుతుంది.